మెరక చేసిన నేల మీద కట్టేముందు

విశాఖ పాత రేవు పక్కన రోడ్లు, అపార్ట్‌మెంట్లు కొత్తగా వేయాలంటే ముందు చూడాల్సింది పైన పోసిన గ్రావెల్‌ని కాదు, దాని కిందున్న బంకమన్నుని. 1933లో ఓడలకు తెరిచిన ఇన్నర్ హార్బర్‌ని మేఘాద్రి గెడ్డ కలిసే ఉప్పుపర్రలో తవ్వారు. తవ్విన మట్టితో చుట్టుపక్కల పల్లాల్ని మెరక చేశారు. రోలరుతో ఎంత తొక్కించినా పైపొర గట్టిపడుతుందే గానీ కిందున్న మెరైన్ క్లే (సముద్రపు బంకమన్ను) దాకా ఆ దెబ్బ చేరదు. బరువు పడ్డాక అది ఏళ్ల తరబడి నీళ్లు వదులుతూ కుంగుతుంది.

ఆ నీళ్లను ముందే పిండేయాలి. అరమీటరు ఇసుక పరిచి, నాలుగంగుళాల వెడల్పున్న పీవీడీ పట్టీలను (నీళ్లు పైకి రావడానికి దారిచ్చే ప్లాస్టిక్ పట్టీలు) మీటరు, మీటరున్నర ఎడంలో బంకమన్ను అడుగుదాకా దించుతారు. అప్పుడు నీరు దగ్గరి పట్టీదాకా నడిస్తే చాలు; నడిచే దూరం సగమైతే పట్టే కాలం నాలుగో వంతే. నీళ్లు పిండడానికి పైన తాత్కాలికంగా మూడు మీటర్ల మట్టి పోస్తే చదరపు మీటరుకు దాదాపు ఐదున్నర టన్నుల బరువు. నేల ఎంత కుంగిందో చూపే సెటిల్‌మెంట్ ప్లేట్ల రీడింగులు వారం వారం రాసి గ్రాఫు గీయాలి. ఆ గీత చదునయ్యాకే పైన పోసిన మట్టి తీయాలి. గడువు చూసి తీసేస్తే మిగిలిన కుంగుడంతా రోడ్డు మీదే తేలుతుంది.

పైల్స్ (నేల లోతుకు దించే పునాది స్తంభాలు) వేశాం కదా అనుకుంటే చాలదు. బిల్డింగ్ నిలబడుతుంది, చుట్టూ నేల దిగుతుంది. డ్రైనేజీ పైపు గోడ దాటి బయటికొచ్చే చోటే విరుగుతుంది, అక్కడ వంగే జాయింట్ పెట్టాలి. దిగుతున్న మన్ను పైల్‌ని కూడా కిందికి లాగుతుంది, ఆ బరువునీ డిజైన్‌లో కలపాలి.

ఉప్పునీటి నేలలో కాంక్రీటు పనులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటు బలం కనీసం ఎం35 గ్రేడు, కవర్ (కమ్మీ మీద కప్పే కాంక్రీటు మందం) 50 మి.మీ.; ఆటుపోట్లు తగిలే గోడకైతే ఎం40, 75 మి.మీ. ఉండాలి. కమ్మీని ఎడంగా నిలిపే కవర్ బ్లాకుల బదులు రాళ్లముక్కలు పెట్టనివ్వద్దు, కమ్మీకి తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

అన్నిటికన్నా నిర్లక్ష్యం జరిగేది కాలువల దగ్గర. పోటు సమయంలో సముద్రం నీరు వెనక్కి ఎక్కకుండా కాలువ మూతికి ఫ్లాప్ గేటు (బయటివైపుకే తెరుచుకునే తలుపు) పెడతారు. ప్లాస్టిక్ చెత్త ఇరుక్కుంటే అది మూసుకోదు. మూసుకున్నప్పుడు వాన పడితే నీళ్లు నిలవడానికి సంపు (గొయ్యి తొట్టి), తోడడానికి పంపు ఉండాలి. కొత్త రోడ్డు లెవెల్ ఖాయం చేసేముందు పక్కనున్న పాత ఇళ్ల గుమ్మాల ఎత్తు కొలిచి డ్రాయింగులో రాయాలి. రోడ్డు ఒక అడుగు లేస్తే వాన నీళ్లన్నీ వాళ్ల నట్టింట్లోకే వెళ్తాయి.