అరిస్తే ప్రెస్సింగ్ రాదు, నేర్పితే వస్తుంది

ఈ మధ్య వైజాగ్‌లో కుర్రాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఎక్కడికెళ్ళినా టచ్‌లైన్ దగ్గర్నుంచి ఒకటే కేక, "ప్రెస్, ప్రెస్, పైకెళ్ళండ్రా, వదలకండి!" లివర్‌పూల్, బార్సిలోనా మ్యాచ్‌లు అందరం చూస్తున్నాం కదా, అవతలివాళ్ళ గోల్ దగ్గరే మీదపడి బాల్ లాక్కునే ఆట, అదే ప్రెస్సింగ్, హై ప్రెస్ అంటారు, ఎవరికి నచ్చదు, నాకైతే ప్రాణం. అందుకే బాధ కూడా ఎక్కువ. ఆ కేకలేసే కోచ్‌లలో చాలామంది ప్రాక్టీస్‌లో దాన్ని నేర్పట్లేదు, మ్యాచ్ రోజు గట్టిగా అరిస్తే వచ్చేస్తుందనుకుంటున్నారు, తీరా నాలుగు గోల్స్ పడ్డాక కుర్రాళ్ళకి ఫిట్‌నెస్ లేదు, కసి లేదు అని తేల్చేస్తున్నారు.

మా అన్నయ్య కొడుకు సిటీలో ఒక అకాడమీ టీమ్‌కి సెంటర్ బ్యాక్, అంటే డిఫెన్స్ మధ్యలో కాపు కాసేవాడుగా ఆడతాడు, వీలైనప్పుడల్లా వెళ్ళి చూస్తాను. మొన్న వాళ్ళకి పడ్డ ఒక గోల్ సంగతి చెప్తాను. అవతలి కీపర్ బాల్‌ని పక్కనున్న సెంటర్ బ్యాక్‌కి ఇచ్చాడు, మన స్ట్రైకర్ వెంటనే వాడి మీదకి తిన్నగా పరిగెత్తాడు. తిన్నగా వెళ్ళాడు కాబట్టి ఆ సెంటర్ బ్యాక్‌కి కుడీ ఎడమా రెండు వైపులా దారి ఉంది. మన లెఫ్ట్ వింగర్ రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు, అవతలి ఫుల్ బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) మీదకి వెళ్ళాలా లోపలికి రావాలా తెలీక కోచ్ వైపు చూశాడు, నిజంగా ఆట మధ్యలో తల తిప్పి చూశాడు పాపం. మిడ్‌ఫీల్డ్ ఇద్దరూ స్ట్రైకర్‌కి పాతిక గజాల వెనక ఉన్నారు. ఆ ఖాళీలో నించున్న అవతలి డిఫెన్సివ్ మిడ్‌కి (డిఫెన్స్ ముందు ఆడే మిడ్‌ఫీల్డర్) చాలా సులువుగా పాస్ వచ్చింది, వాడు తిరిగి, తలెత్తి, తీరిగ్గా చూసుకుని డిఫెన్స్ మీద నుంచి పొడుగ్గా కొట్టాడు. మన డిఫెన్స్ ఎక్కడుందంటే సరిగ్గా హాఫ్ లైన్ మీద, ఎందుకంటే "లైన్ పైకి", అంటే డిఫెండర్లంతా ముందుకి జరగమని ఆర్డర్. వాళ్ళ వింగర్ సొంత హాఫ్‌లోంచే పరుగు మొదలెట్టాడు కాబట్టి ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చేసరికే డిఫెండర్లని దాటి ముందుండే తప్పు) ప్రశ్నే లేదు. కీపర్ ఇంకా గోల్ లైన్ మీదే ఉన్నాడు, ముందుకొచ్చి నించోమని వాడికీ ఎవరూ చెప్పలేదు. గోల్.

తిట్లు ఎవరికి పడ్డాయి? మావాడికి. వెనక్కి సరిగ్గా పరిగెత్తలేదట. అసలు తప్పు అంతకుముందు ఐదారు సెకన్ల క్రితం, గ్రౌండ్ అవతలి కొసన జరిగిపోయింది. ఇంటికొచ్చేటప్పుడు బండి మీద వాడన్నాడు, "బాబాయ్, నేనేటి చెయ్యాలి మరి, వెనక్కొస్తే లైన్ దింపేశావంటారు, పైనే ఉంటే దొరికిపోతన్నాను." వాడి ప్రశ్నకి జవాబు ఉంది, అది కోచ్ చెప్పాల్సిన జవాబు. బాల్ ఉన్నవాడి మీద మనవాడు పడి, వాడు తల దించుకుని ఉంటే లైన్ పైకి వెళ్ళాలి, వాడు ఖాళీగా తలెత్తి ముందుకి చూస్తుంటే అందరూ ఒకేసారి వెనక్కి తగ్గాలి. నా లెక్కలో హై ప్రెస్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇదే, మన దగ్గర దాదాపు ఎవరూ చెప్పనిదీ ఇదే.

మిగతావి కూడా పెద్ద రహస్యాలేం కావు. స్ట్రైకర్ ఒంపుగా పరిగెత్తాలి, అప్పుడు వాడి వెనకున్న ఒక వైపు పాస్ మూసుకుపోతుంది, బాల్ ఇంకో వైపే వెళ్ళాలి, ఆ వైపు మన వింగర్ రెడీగా ఉంటాడు. ఎప్పుడు దూకాలో గుర్తులుంటాయి, వాటినే ట్రిగ్గర్స్ అంటారు. బ్యాక్ పాస్ పడ్డప్పుడు, ఫస్ట్ టచ్ దూరం పోయినప్పుడు, తన గోల్ వైపు తిరిగి ఉన్నవాడికి బాల్ వచ్చినప్పుడు, టచ్‌లైన్ పక్కన ఫుల్ బ్యాక్ ఇరుక్కున్నప్పుడు. గుర్తు కనిపిస్తే పది మందీ ఒకేసారి కదలాలి, కనిపించకపోతే ఎవరూ దూకకూడదు. ఒక్కడు దూకి తొమ్మిది మంది చూస్తూ ఉంటే అది ప్రెస్ కాదు, అవతలివాళ్ళకి దారి ఇవ్వడమే.

ఇటలీ క్లబ్ ఏసీ మిలాన్‌కి ఒకప్పటి కోచ్ అరిగో సాక్కీ సంగతి ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ఇంత ఆర్గనైజేషన్ ఎందుకని తన స్టార్ ఆటగాళ్ళు గుల్లిట్, వాన్ బాస్టెన్ అడిగితే ఆయన ఒక పోటీ పెట్టాడు. ఇటు కీపరు, నలుగురు డిఫెండర్లు మాత్రమే, అటు ఆ ఇద్దరితో కలిపి పది మంది, పావుగంట టైమ్, బాల్ పోతే మళ్ళీ వాళ్ళ హాఫ్‌లోంచి మొదలెట్టాలి. పది మందికి ఒక్క గోల్ కూడా రాలేదు. బాల్ లేకుండానే, బాల్ ఫలానా చోట ఉందనుకోండి అని చెప్పి పదకొండు మందినీ కలిపి కదిలించే ప్రాక్టీస్ రోజూ చేయించేవాడాయన, 1989, 1990లో వరసగా యూరోపియన్ కప్ గెలిచారు.

ఇలాంటిదే ఇంకోటి. 1980లలో కోచ్ లొబనోవ్‌స్కీ తీర్చిదిద్దిన డైనమో కీవ్ (అప్పటి సోవియట్ క్లబ్) జర్మనీలో ఒక చిన్న క్లబ్‌తో ఫ్రెండ్లీ ఆడింది. ఆ చిన్న క్లబ్‌లో ఆడుతున్న రాల్ఫ్ రాంగ్నిక్, అవతల పన్నెండు మంది ఉన్నారేమో అని ఆట మధ్యలో లెక్కపెట్టుకున్నాడట. పదకొండు మందే. జర్మనీలో ఈ ప్రెస్సింగ్ ఆటకి గురువు లాంటి మనిషయ్యాడు ఆయన. అలాంటాయన కూడా 2021 డిసెంబర్‌లో సీజన్ మధ్యలో మాంచెస్టర్ యునైటెడ్‌కి కోచ్‌గా వస్తే, మొదటి మ్యాచ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మీద 1-0తో గెలిచి ఆశలు పుట్టించినా ఆ ప్రెస్ నిలబడలేదు, ప్రాక్టీస్‌కి టైమూ లేదు, అలవాటున్న ఆటగాళ్ళూ తక్కువ, చివరికి 58 పాయింట్లతో ఆరో స్థానం. అంత తెలిసినాయన పరిస్థితే అలా అయితే, వారంలో రెండు సాయంత్రాలు రౌండ్లు కొట్టించి ఆదివారం హై ప్రెస్ ఆడమంటే పిల్లలు ఎక్కణ్ణుంచి తెస్తారు?

2020 ఆగస్టు 14న లిస్బన్‌లో బార్సిలోనా జర్మనీ క్లబ్ బయర్న్ చేతిలో 8-2తో చిత్తయిపోయింది కదా, ఈసారి ఆ వీడియో చూస్తే గోల్స్ సంగతి వదిలేసి గోల్‌కి ముందు బాల్ ఉన్నవాడి చుట్టూ ఎవరున్నారో చూడండి. బార్సా డిఫెన్స్ పైన ఉంది, ముందువాళ్ళు నడుస్తున్నారు. మావాడికి పడ్డ గోల్‌లో ఉన్న జబ్బే, కోట్ల జీతాల టీమ్‌లో.

మన దగ్గర ఇంకో సమస్య, ప్రెస్సింగ్ అంటే స్టామినా అనుకోవడం. బీచ్‌లో ఇసుకలో పరిగెత్తించి, అదే ప్రెస్సింగ్ ట్రైనింగ్ అంటారు. ఇసుకలో పరుగు మంచిదే, కాళ్ళకి బలం వస్తుంది, కానీ ఎప్పుడు ఎటు వెళ్ళాలో అది చెప్పదు కదా. పైగా మన ఊరి ఉక్కపోత తెలిసిందే, మే నెలలో సాయంత్రం ఐదింటికి కూడా నించుంటేనే చొక్కా తడిసిపోతుంది, అందులో మ్యాచ్ అంతా ఆపకుండా మీదపడాలంటే ఎవరి వల్లా కాదు. గార్డియోలా కోచ్‌గా ఉన్నప్పటి బార్సిలోనా కూడా బాల్ పోయాక ఐదారు సెకన్లు మీదపడి, రాకపోతే తమ షేప్‌లోకి, అంటే ఎవరి చోట్లకి వాళ్ళు, వెనక్కొచ్చేసేది, బాల్ దొరికాక పాస్‌లు ఆడుకుంటూ ఊపిరి తీసుకునేది. మన పిల్లలకి ఆ ఊపిరి తీసుకునే భాగం నేర్పరు, బాల్ వచ్చిన మరుక్షణం మళ్ళీ "కొట్టు ముందుకి" అని అరుపు, అది పోతుంది, మళ్ళీ పరుగు. అరవయ్యో నిమిషానికి కాళ్ళు ఆడవు, అప్పుడు కసి లేదంటారు. ఇది మాత్రం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

నేర్పే సంప్రదాయం మనకి లేకపోలేదు. హైదరాబాద్ రహీం సాబ్ స్కూల్ టీచర్‌గా పనిచేసినాయన, తర్వాత ఇండియా కోచ్, ఆయన టీమ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్. ఆ జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలితే సెమీస్‌లోనూ ఫైనల్‌లోనూ ఫార్వర్డ్‌గా ఆడించారు, రెండిట్లోనూ గోల్ కొట్టాడు. ఉన్న మనుషులకి ఏ ఆట నప్పుతుందో చూసి దాన్ని పెట్టడం అంటే అదీ. పిల్లలకి ప్రెస్ ఇంకా రాకపోతే, వచ్చేదాకా హాఫ్ లైన్ దగ్గర దగ్గరదగ్గరగా నించుని ఆడించండి, అందులో నామోషీ ఏముంది.

నేర్పడానికి ఖర్చు కూడా ఏం లేదు. సగం గ్రౌండ్, ఆరుగురికి ఆరుగురు, కీపర్ దగ్గర్నుంచి ఆట మొదలు, మధ్యలో విజిల్ వేసి ఎక్కడివాళ్ళని అక్కడే ఆపి ఒక్కొక్కణ్ణి అడగడం, నువ్వు ఇక్కడెందుకున్నావ్, బాల్ అటెళ్తే ఎటెళ్తావ్ అని. ప్రాక్టీస్‌కి ఇరవై నిమిషాలు చాలు. పేరెంట్స్ ఎవరైనా చదువుతుంటే మీ పిల్లల్ని ఈ రాత్రే అడగండి, "నువ్వు ఎప్పుడు పైకెళ్ళాలి, ఎప్పుడు ఆగాలి" అని. వాళ్ళు చెప్పలేకపోతే కోచ్‌ని మర్యాదగా అడగండి. మావాడి కోచ్‌ని నేను అడిగాను, ముందు ముఖం చిట్లించారు గానీ వచ్చే ఆదివారం ప్రాక్టీస్ అయ్యాక కూర్చుని మాట్లాడదాం అన్నారు. ఆ గోల్ వీడియో ఫోన్‌లో ఉంది, అది పట్టుకునే వెళ్తాను.