కొండదారుల బండికి ఆటోమేటిక్ క్లచ్: నా అనుభవం

రాళ్లదారుల్లో బండి నడిపేవారి ఎడమచేతి వేళ్లకు క్షణం తీరిక ఉండదు. ఎత్తు ఎక్కుతుంటే హాఫ్ క్లచ్ (లీవర్‌ను సగం పట్టి సగం వదిలి ఉంచడం), ఇరుకు మలుపులో హాఫ్ క్లచ్, రాయి అడ్డొస్తే పట్టి వదలడం. తారు రోడ్డు మీద గేరు మార్చేటప్పుడు మాత్రమే గుర్తుకొచ్చే లీవర్‌ను కొండ మీద గంటల తరబడి వదలలేం. చాలా కాలం అలాగే నడిపాను. క్రమంగా ఎడమ మణికట్టులో నొప్పి మొదలైంది. నిటారు దారి కాసేపు ఎక్కేసరికి ముంజేయి రాయిలా బిగుసుకుపోయి, వేళ్లు మాట వినడం మానేసేవి. ఈ దారుల్లో తిరగడం మానుకోవడం నా వల్ల కాదు. అందుకే నా 250 సీసీ ఫోర్ స్ట్రోక్ ఎండ్యూరో బండికి (రాళ్లు, మట్టి దారుల కోసం చేసిన మోటార్‌సైకిల్‌కు) ఆటోమేటిక్ క్లచ్ బిగించాలని నిశ్చయించుకున్నాను.

ఆటోమేటిక్ అనగానే చాలామంది స్కూటర్‌ను ఊహించుకుంటారు. ఇది అలాంటిది కాదు. గేర్లు ఎప్పటిలాగే కాలితో మార్చాలి. హోండా 2016 ఆఫ్రికా ట్విన్‌లో ఇచ్చిన డ్యూయల్ క్లచ్ పద్ధతిలో గేర్లు కూడా వాటంతట అవే మారతాయి. అది పెద్ద బండ్ల కోసం చేసిన పూర్తిగా వేరే ఏర్పాటు. నేను చెబుతున్నది సెంట్రిఫ్యూగల్ క్లచ్ గురించి, అంటే ఇంజిన్ వేగాన్ని బట్టి దానంతట అదే పట్టి వదిలే క్లచ్. ఈ ఆలోచన పాతదే, 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్‌లోనే ఉంది. కాకపోతే కబ్‌కు క్లచ్ లీవరే లేదు. ఎండ్యూరో బండ్ల కోసం అమెరికాలోని రెక్లూస్ వంటి కంపెనీలు తయారుచేసే కిట్లలో లీవర్ అలాగే ఉంటుంది, అవసరమైనప్పుడు పట్టుకోవచ్చు. నన్ను ఒప్పించిన అంశం అదే. లీవర్ తీసేయాలంటే నేను ఈ జోలికి వెళ్లేవాణ్ని కాదు.

పనిచేసే తీరు తెలిస్తేనే దీనితో వచ్చే సుఖమూ కష్టమూ అర్థమవుతాయి. మామూలు క్లచ్‌లో స్ప్రింగులు ప్లేట్లను ఎప్పుడూ నొక్కి ఉంచుతాయి, లీవర్ పట్టుకుంటేనే అవి విడిపోతాయి. ఈ కిట్‌లో ప్లేట్ల మధ్య వ్యాకోచించే డిస్క్ ఒకటి ఉంటుంది. అందులోని చిన్న లోహపు ముక్కలు ఇంజిన్ వేగం పెరిగినకొద్దీ వెలుపలికి జరిగి, వాలుగా ఉన్న గాడుల మీదకు ఎక్కి, డిస్క్‌ను మందంగా చేస్తాయి. అప్పుడు ప్లేట్లు ఒకదానికొకటి ఒత్తుకుని శక్తి చక్రానికి చేరుతుంది. ఇంజిన్ ఐడిల్‌కు (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు తిరిగే కనీస వేగానికి) దిగగానే డిస్క్ సన్నబడి ప్లేట్లు విడిపోతాయి. అంటే దీని మామూలు స్థితి విడిపోయి ఉండడం. పాత క్లచ్ మామూలు స్థితి కలిసి ఉండడం. లాభాలన్నీ, చిక్కులన్నీ ఈ ఒక్క తేడాలోంచే పుడతాయి.

బిగించడం నేనే చేసుకున్నాను. అర్ధరోజు పని, కష్టమైనది కాదు, కానీ ఓపిక కావాలి. నా బండికి క్లచ్ కవర్ కుడివైపు ఉంటుంది కాబట్టి, ఎడమవైపుకు పడుకోబెడితే ఇంజిన్ ఆయిల్ తీయకుండానే కవర్ విప్పవచ్చు. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను ముందుగా ఆయిల్‌లో నానబెట్టాలి. పొడిగా వేస్తే తొలి నిమిషాల్లోనే కాలిపోతాయి. ప్లేట్ల వరుస కిట్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పినట్లే ఉండాలి, ఒక్కటి తారుమారైనా మొత్తం మందం మారిపోతుంది.

అసలు సంగతంతా మందంలోనే ఉంది. డిస్క్ సన్నగా ఉన్నప్పుడు ప్లేట్ల మధ్య మిగిలే సందు తక్కువైతే ఐడిల్‌లోనే క్లచ్ పట్టుకుంటూ బండి ముందుకు పాకుతుంది. ఎక్కువైతే డిస్క్ పూర్తిగా విచ్చుకున్నా ప్లేట్లు గట్టిగా నొక్కుకోవు. జారుతూ, వేడెక్కుతూ, చివరికి కాలిపోతాయి. ఈ సందును లోపల కొలవనవసరం లేకుండా బయటినుంచే తెలుసుకునే ఒక చక్కని పద్ధతి ఉంది. లీవర్‌కూ గ్రిప్‌కూ కలిపి ఒక రబ్బరు బ్యాండ్ వేస్తారు. అది లీవర్ వదులును తీసేసేంత మాత్రమే లాగుతుంది. బండిని న్యూట్రల్‌లో ఉంచి ఒకసారి గట్టిగా రేజ్ చేస్తే, డిస్క్ విచ్చుకుని ప్రెషర్ ప్లేట్‌ను (ప్లేట్లన్నిటినీ కలిపి నొక్కే పై పలకను) కొద్దిగా వెనక్కి నెడుతుంది. ఆ మేరకు లీవర్ దానంతట అదే లోపలికి జరుగుతుంది. లీవర్ కొన దగ్గర ఆ కదలిక సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటే సెట్టింగ్ సరిగా ఉన్నట్టు. కదలిక మరీ తక్కువైతే క్లచ్ జారుతుంది, మరీ ఎక్కువైతే ఐడిల్‌లో ఈడుస్తుంది. ఇంజిన్ వేడెక్కాకే ఈ పరీక్ష చేయాలి. ప్లేట్లు అరిగే కొద్దీ సందు పెరుగుతుంది కాబట్టి ఇది ఒక్కసారితో తీరే పని కాదు. ఇప్పటికీ బయలుదేరే ముందు ప్రతిసారీ రబ్బరు బ్యాండ్ వేసి చూస్తాను, నిమిషం కూడా పట్టదు.

ఐడిల్ సెట్టింగుకూ ఇంతే ప్రాధాన్యం ఉంది. ఐడిల్ ఎక్కువగా ఉంటే గేరులో వేయగానే బండి కదులుతుంది. చల్లని ఇంజిన్‌ను చోక్ వేసి స్టార్ట్ చేస్తే ఐడిల్ పైనే ఉంటుంది కనుక, చోక్ తీసేదాకా గేరు ముట్టుకోకూడదు. క్లచ్ ఏ వేగంలో పట్టాలన్నది కిట్‌లోని స్ప్రింగులు మార్చి మనమే నిర్ణయించుకోవచ్చు. మెత్తటివి వేస్తే త్వరగా పడుతుంది, గట్టివి వేస్తే ఇంజిన్ కొంత వేగం అందుకున్నాక పడుతుంది. నాకు మధ్యస్థమే నచ్చింది. ఆలస్యంగా పట్టే సెట్టింగులో బయలుదేరేటప్పుడు కుదుపు వస్తుంది. త్వరగా పట్టేదానిలో నెమ్మదిగా నడిపేటప్పుడు ఇంజిన్ లాగలేక మూలుగుతుంది.

ఇక దారిమీద ఏం మారిందో చెబుతాను. మొదట తెలిసింది, ఇంజిన్ ఆగిపోదని. రాళ్ల మధ్య దాదాపు నిలబడిపోయి, ఏ సందులోంచి వెళ్లాలో చూసుకుని, మళ్లీ యాక్సిలరేటర్ తిప్పితే చాలు. వాగు దాటుతూ నీళ్ల మధ్య రాయికి చక్రం తగిలి ఆగినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. దిగువకు తిరిగే ఇరుకు మలుపులో వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుంటుంది. మామూలు బండిలో ఆ క్షణానే ఇంజిన్ కూడా చచ్చిపోతుంది. ఇందులో అలా జరగదు. నిటారు ఎత్తులో మధ్యలో ఆగితే మళ్లీ కదిలించడం ఎంత కష్టమో ఈ దారుల్లో తిరిగినవారందరికీ తెలుసు. క్లచ్ వదులుతూ, బ్రేకు విడుస్తూ, యాక్సిలరేటర్ తిప్పుతూ మూడు పనులు ఒకేసారి చేయాలి. ఇప్పుడు బ్రేకూ యాక్సిలరేటరూ చూసుకుంటే సరిపోతుంది. మణికట్టు నొప్పి పూర్తిగా పోలేదు కానీ, రోజు చివరికి కూడా హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకోగలుగుతున్నాను. నాకు అది చాలా పెద్ద మార్పు. చూపు ముందున్న దారి మీద నిలవడం ఇంకో లాభం. క్లచ్ గురించి ఆలోచించే పని తప్పితే మనసుకు ఎంత వెసులుబాటు దొరుకుతుందో బిగించాకే తెలిసింది.

చిక్కులు తక్కువేమీ కావు. కొన్ని ప్రమాదకరమైనవి కూడా.

మామూలు బండి ఇంజిన్ ఆపేసి గేరులో వదిలితే ఏటవాలులో నిలబడుతుంది. ఇది నిలబడదు. ఇంజిన్ ఆగితే క్లచ్ విడిపోయి ఉంటుంది కాబట్టి గేరులో ఉన్నా లేకపోయినా బండి జారిపోతుంది. ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఇంజిన్ ఆగితే బండి వెనక్కి దొర్లడం మొదలవుతుంది, ముందు బ్రేకు ఒక్కటే దిక్కు. వదులు మట్టిలో ముందు చక్రం లాక్ అయినా బండి జారుతూనే ఉంటుంది. వెనక బ్రేకు తొక్కాలంటే కుడికాలు కావాలి, ఆ కాలేమో నేల మీద ఉంటుంది. దీనికి విరుగుడుగా వెనక బ్రేకును ఎడమచేతికి తెచ్చే లీవర్ విడిగా దొరుకుతుంది. నా అభిప్రాయంలో నిటారు దారుల్లో తిరిగేవారికి అది అదనపు సోకు కాదు, ఈ క్లచ్‌లో సగభాగం. నేను కొంతకాలం అది లేకుండా నడిపి తర్వాత పెట్టించాను. బొటనవేలి కింద చిన్న లీవర్ రకం ఎంచుకున్నాను, క్లచ్ లీవర్ దాని చోట అలాగే ఉంది.

దిగుడులో ఇంకో జాగ్రత్త కావాలి. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి నెమ్మదిగా దిగుతుంటే ఇంజిన్ వేగం ఒక హద్దు దాటి పడిపోగానే క్లచ్ విడిపోతుంది. దాంతో ఇంజిన్ బ్రేకింగ్ (ఇంజినే చక్రాన్ని పట్టి నెమ్మదింపజేయడం) మాయమై బండి ఒక్కసారిగా తేలికై ముందుకు దూసుకెళ్తుంది. చిన్నగా ఒక్కసారి రేజ్ చేస్తే క్లచ్ మళ్లీ పట్టుకుని ఇంజిన్ బిగింపు తిరిగొస్తుంది. చెప్పడం తేలిక. నిలువు దిగుడులో భయంగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తిప్పమంటే చెయ్యి ఒప్పుకోదు. చిన్న దిగుడుల్లో పదేపదే సాధన చేస్తేనే అది అలవడుతుంది. బ్యాటరీ దిగిపోతే నెట్టి స్టార్ట్ చేసే దారి కూడా చాలా కిట్లలో మూసుకుపోతుంది. కిక్ ఉన్న బండి అయితే బెంగ లేదు.

అడ్డంగా పడిన దుంగ దాటాలంటే క్లచ్ పట్టి, రేజ్ చేసి, ఒక్క ఊపున వదిలి ముందు చక్రాన్ని లేపుతాం. లీవర్ ఉన్నా ఆ పదును ఇందులో కొంత తగ్గుతుంది. ఇంజిన్ వేగం తక్కువగా ఉన్న క్షణంలో లీవర్ వదిలితే డిస్క్ ఇంకా పూర్తిగా విచ్చుకుని ఉండదు, అందుకే దెబ్బ మెత్తగా తగులుతుంది. ఆ పనిలో ఆరితేరినవారికి ఇది నచ్చదు, వారి మాటలో న్యాయముంది. పెద్ద గేరులో తక్కువ వేగంతో లాగించడం మాత్రం ఎవరూ చేయకూడదు. క్లచ్ సగం జారుతూనే ఉంటుంది, చేతికి ఏమీ తెలియదు, కాలిన వాసన వచ్చేసరికి స్టీల్ ప్లేట్లు నీలం తిరిగి ఉంటాయి. ఒక గేరు కిందికి దించి ఇంజిన్‌ను హాయిగా తిరగనివ్వాలి. క్లచ్ ఎక్కువ జారితే ఆయిల్ కూడా త్వరగా పాడవుతుంది. అందుకే ఇప్పుడు ఆయిల్ మునుపటికంటే తొందరగా మారుస్తున్నాను.

కొత్తగా నేర్చుకునేవారు మొదట మామూలు క్లచ్‌తోనే నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం. హాఫ్ క్లచ్ చేతికి అబ్బినవారికి ఇది పనిముట్టు, అబ్బనివారికి అలవాటైన ఊతకర్ర అవుతుంది. చేతికి గాయమైనవారికి, వయసు పైబడినవారికి, రోజంతా రాళ్లలో తిరిగేవారికి మాత్రం నిస్సంకోచంగా పెట్టించుకోమంటాను.

ఎవరైనా నా బండి ఒకసారి నడుపుతామని అడిగితే ఇస్తాను, కానీ తాళం చేతికిచ్చే ముందు రెండు మాటలు వాళ్లచేత తిరిగి చెప్పించుకుంటాను. బండి గేరులో ఉండి ఇంజిన్ నడుస్తుంటే చూసేవారికి అది న్యూట్రల్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. పక్కన నిలబడి ఊరికే యాక్సిలరేటర్ తిప్పితే మనిషిని వదిలేసి బండి ఉరుకుతుంది. కాబట్టి ఇంజిన్ ఆపాకే దిగాలి. ఆపాక ఏటవాలులో వదిలేయకుండా, ముందు బ్రేకు లీవర్‌ను హ్యాండిల్‌కు వేలాడుతున్న పట్టీతో బిగించి కట్టాలి.