నాలుగో గడి గొడవ

"వాడు పిసినారి కాదు టీచర్, పొదుపరి!" అని వెనక బెంచీ నుంచి ఒక అరుపు. "ఏం కాదు, పక్కా పిసినారే" అని ముందు నుంచి ఇంకోటి. ఈరోజు ఐదో తరగతిలో పీరియడ్ సగం ఇదే గొడవ, నాకేమో ఆపబుద్ధి కాలేదు.

బోర్డు మీద నాలుగు గళ్లు గీసి మధ్యలో "పొదుపు" అని రాశా. అర్థం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణ కానివి. 1969లో అమెరికా విద్యా పరిశోధకురాలు డొరొతీ ఫ్రేయర్ బృందం తెచ్చిన పద్ధతే, కొత్తదేం కాదు. మూడు గళ్లు చకచకా నిండిపోయాయి, చిక్కంతా నాలుగోదాని దగ్గరే. డబ్బా నిండా పెన్సిళ్లున్నా పక్కవాడు అడిగితే లేవనేవాణ్ణి అందరూ కలిసి అందులో పడేశారు. మరి వేలెడు కూడా లేని పెన్సిల్ ముక్కకి పెన్ను క్యాప్ తొడిగి రాసుకునేవాడు? వాడి మీదే యుద్ధం.

సొంతవాక్యం రాయమంటే ఏం వస్తుందో తెలిసిందేగా, "పొదుపు మంచిది". అందులో పొదుపు తీసేసి నిద్ర పెట్టినా సరిపోతుంది! ఏది పొదుపు కాదో చెప్పమన్నప్పుడే వాళ్లు నిజంగా ఆలోచించడం మొదలెట్టారు.

అలాగని ప్రతి పదానికీ ఈ గళ్లు గీస్తూ కూర్చుంటే సిలబస్ అయినట్టే. "కిటికీ"కి బొమ్మ చాలు. అన్ని సబ్జెక్టుల్లోనూ తగిలే మాటలు వారానికి రెండు మూడు తీసుకుంటే చాలని నా లెక్క.

రేపు "ధైర్యం" ఇస్తున్నా. తెగింపు దగ్గర కొట్టుకుంటారో, మొండితనం దగ్గర కొట్టుకుంటారో చూడాలి.