రోడ్డు ఎక్కింది, ఫ్యూజు బాక్సు దిగింది

మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న టౌను. మా గల్లీ మూలమీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో దాని ఫ్యూజు బాక్సు నా భుజాల ఎత్తులో ఉండేది. తర్వాత రెండుసార్లు సీసీ రోడ్డు పోశారు. పాతది తవ్వకుండా దానిమీదే పోశారు. ఇప్పుడా బాక్సు ఒకటో తరగతి చదివే మా చిన్నోడి ఛాతీకొస్తోంది. తలుపు ఎప్పుడో ఊడిపోయింది. స్కూలు బస్సు ఆగేది సరిగ్గా అక్కడే.

లైన్‌మన్ అన్నకు చెబితే, "మా బాక్సు కిందికి దిగలేదమ్మా, మీ రోడ్డే మీదికెక్కింది" అన్నాడు. నిజమే మరి, ఏమంటాం?

కరెంటు కంప్లయింట్ల నంబరు 1912కు ఫోన్ చేశాను. బిల్లుమీది సర్వీస్ నంబరు అడిగి కంప్లయింట్ రాసుకున్నారు. మర్నాడు ఒకతను వచ్చి బాక్సుకు అడ్డంగా ఒక ఫ్లెక్సీ ముక్కను బైండింగ్ వైరుతో కట్టి పోయాడు. దానిమీద ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు. సాయంత్రానికి సమస్య పరిష్కారమైందని మెసేజ్!

ఇక గల్లీ అంతా కలిసి దరఖాస్తు పెడదామనుకున్నాం. అక్కడ తప్పు చేసింది నేనే. "ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడి నుంచి మార్చండి" అని రాశాను. సంతకాలకు పోతే నాలుగో ఇంటికే పంచాయితీ మొదలైంది. మారిస్తే ఎవరి గోడ పక్కన పెడతారు? కిరాణా షాపాయన కాగితం చదివి, "నా షట్టర్ ముంగట పెడితే ఊకుంటనా?" అని పెన్ను తిరిగిచ్చేశాడు. ఆయన్ను ఆ రోజు తిట్టుకున్నాను కానీ, ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు.

కాగితం మళ్లీ రాశాం. మార్చమని కాదు, బాక్సు ఎత్తు పెంచి, తలుపు పెట్టి, చుట్టూ జాలీ వేయమని. బాక్సు దగ్గర కర్ర నిలబెట్టి, కర్రకు టేపు ఆనించి, దూరం నుంచి ఫొటో తీశాం. రోడ్డు నుంచి బాక్సు అడుగుకు 2 అడుగుల 9 అంగుళాలు. ట్రాన్స్‌ఫార్మర్‌మీద పెయింటుతో రాసిన నంబరు కూడా దరఖాస్తులో వేశాం. ఈసారి షాపాయనే మొదటి సంతకం పెట్టాడు.

సోమవారం పొద్దున బస్సెక్కి నల్లగొండ కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణికి పోయాం, ముగ్గురు ఆడవాళ్లం. పక్కింటి అత్త టిఫిన్ బాక్సు కూడా తెచ్చుకుంది. లైన్లో నిలబడి దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకున్నాం. వారంలో కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సారు వచ్చి కొలుచుకున్నారు. ఎస్టిమేట్ వేస్తామన్నారు. ఆ తర్వాత నెల దాకా చప్పుడు లేదు.

అప్పుడు సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజు కట్టి రెండే అడిగాను: మా దరఖాస్తు ఇప్పుడు ఏ దశలో ఉంది, ఎస్టిమేట్ కాపీ ఇవ్వండి. జవాబుకు 30 రోజుల గడువు. జవాబు కంటే ముందే మనుషులొచ్చారు. ఎల్‌సీ (లైన్ ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకొని మధ్యాహ్నం దాకా కరెంటు ఆపి బాక్సు పైకి బిగించారు, తలుపు పెట్టారు, జాలీ వేశారు. బతుకమ్మకు ఇంకా పది రోజులుంది. మేం ఆడేది కూడా ఆ మూలమీదే.

పనైన నాలుగో రోజు పొద్దున చూస్తే జాలీమీద తడి చీర ఆరేసి ఉంది. పక్కింటి అత్తది.