హైపో, ఆమ్లం, ఒక ఇంటూ గుర్తు: నా ప్రాక్టికల్ అనుభవం

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ (ద్రావణం గాఢత కొలవడం), సాల్ట్ (ఇచ్చిన లవణమేదో కనిపెట్టడం) గట్టెక్కాక మిగిలింది 6 మార్కుల ప్రయోగం. నాకు చర్యావేగం మీద గాఢత ప్రభావం వచ్చింది. వాడేవి సోడియం థయోసల్ఫేట్ (అంటే మన హైపో), హైడ్రోక్లోరిక్ ఆమ్లం.

తెల్లకాగితం మీద నల్లగా ఇంటూ గుర్తు గీసి, దానిమీద ఫ్లాస్కు పెట్టాలి. హైపోలో 10 మి.లీ. ఆమ్లం పోస్తూనే స్టాప్‌వాచ్ నొక్కాలి. చర్యలో పుట్టిన గంధకం వల్ల ద్రావణం పాలలా తెల్లబడుతుంది. పైనుంచి చూస్తుంటే గుర్తు ఎప్పుడు కనబడకుండా పోతుందో అదే మన సమయం. సల్ఫర్ డయాక్సైడ్ కూడా వస్తుంది. కిటికీలు తీసినా గొంతు గరగరలాడింది.

హైపో 10, 20, 30, 40, 50 మి.లీ. తీసుకుని, తక్కువైనంత నీళ్లు కలిపి ప్రతిసారీ 50 చేశాను. 'నీళ్లెందుకమ్మా?' అని బయటి కాలేజీ నుంచి పరీక్షించడానికి వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్ అక్కడే పట్టుకున్నారు. నీళ్లు కలపకపోతే ఆమ్లం గాఢత కూడా మారిపోతుంది సార్, పైగా ద్రావణం లోతు మారితే గుర్తును కప్పడానికి కావలసిన గంధకమూ మారుతుంది అన్నాను. అన్ని ఫ్లాస్కుల్లో అంతే గంధకం పుట్టాలి కాబట్టే 1/కాలాన్ని వేగం కింద లెక్కేసుకుంటాం.

నా భయమంతా బాగా పలచనిదాని గురించే. దానికి రెండు నిమిషాలు పట్టింది. గుర్తు పోయిందో ఉందో తేలక కళ్లు లాగేశాయి. తీరా గ్రాఫు దగ్గర కూర్చుంటే లెక్క తిరగబడింది. 120కి బదులు 125 సెకన్లని రాసినా 1/కాలం 0.0083 నుంచి 0.0080కే దిగుతుంది. చిక్కనిదానికి పట్టింది 24 సెకన్లే. అక్కడ ఒక్క సెకను ఆలస్యమైతే 0.0417 కాస్తా 0.0400 అవుతుంది! అంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడాల్సింది తొందరగా అయిపోయేదాన్నే. ఈ మాట మా రికార్డు పుస్తకంలో ఎక్కడా లేదు. 'అణువుల తాకిడులు పెరుగును' అన్న వాక్యం మాత్రం ఉంది.

హైపో గాఢతకి ఎదురుగా 1/కాలం గీస్తే గీత దాదాపు తిన్నగా, మూలబిందువు వైపే వచ్చింది. హైపోకి సంబంధించి ప్రథమ క్రమాంకం, అంటే హైపో గాఢత ఎన్ని రెట్లయితే వేగమూ అన్ని రెట్లే. 'మరి ఆమ్లానికో?' అన్నారు సార్.

'దాని గాఢత మార్చలేదు కదండీ, ఈ గ్రాఫు చెప్పలేదు' అన్నాను. సంతకం పెట్టి, తర్వాతివాణ్ని పిలిచారు.