లూపర్ పెడల్ మీద చెక్కభజన: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చింది

చెక్కభజన పాటను ఒక్కడినే కూర్చుని గిటారుతో, లూపర్ పెడల్‌తో పూర్తిగా పాడగలగాలి, నేను పెట్టుకున్న పని ఇదే. అది ఇప్పుడు ఒక దారిలో పడింది, మర్చిపోకముందే కొలతలు, పద్ధతులు రాసిపెడుతున్నా. మాది కడప. మా చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన తెలియనివాళ్లు తక్కువ, కానీ బయటివాళ్ల కోసం రెండు మాటలు: గుండ్రంగా నిలబడతారు, చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గురువు ఒక చరణం అందుకుంటే మిగతావాళ్లు అడుగులేస్తూ దాన్నే తిరిగి అందుకుంటారు. పాట నిదానంగా మొదలవుతుంది. పోనుపోను వేగం పెరిగి చివరికి చెక్కలు ఎప్పుడు కలుస్తున్నాయో ఎప్పుడు విడిపోతున్నాయో కంటికి ఆనదు.

లూపర్ స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. తొక్కితే రికార్డు చేస్తుంది, మళ్లీ తొక్కితే అదే ముక్కను తిప్పితిప్పి వినిపిస్తుంది, ఇంకోసారి తొక్కితే దాని మీద ఇంకో పొర ఎక్కిస్తుంది. ఎన్ని పొరలు వేసినా మొదట ఏ వేగంలో కట్టామో ఆ వేగంలోనే తిరుగుతుంది. పెరిగే పాటను పెరగని పెట్టె మీద ఎట్లా నిలబెట్టాలన్నదే ఇన్నాళ్లూ నా తలనొప్పి, దానికి దొరికిన జవాబు కిందికి వచ్చాక చెప్తా.

నా దగ్గరున్నది బాస్ ఆర్‌సీ-1. ఒకే పెడల్, ఒక వాల్యూమ్ నాబ్, చుట్టూ 24 చిన్న లైట్లు, మొత్తం 12 నిమిషాల రికార్డింగ్. పాట మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదని నా గట్టి నమ్మకం, రెండు మూడు ట్రాకులున్న పెద్ద పెడల్ కొంటే సగం రోజు మెనూల్లోనే పోతుంది. ఆ లైట్ల వలయం భలే పనికొస్తుంది, లూప్ ఒక చుట్టు తిరిగితే వలయం కూడా ఒక చుట్టు పూర్తవుతుంది. నేను పాడేది ఆదితాళంలో, ఎనిమిది అక్షరాలు (అక్షరమంటే తాళంలో ఒక లెక్క), కాబట్టి ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక పూర్తి చుట్టు, లూప్ కడితే అక్షరానికి మూడు లైట్లు వస్తాయి. సమం, అంటే చుట్టు మొదలయ్యే మొదటి అక్షరం, ఎంత దూరంలో ఉందో కంటికే కనిపిస్తుంది.

నేను పెట్టుకున్న వేగం నిమిషానికి 80 అక్షరాలు. అంటే అక్షరానికి ముప్పావు సెకను, ఆవర్తనానికి 6 సెకన్లు. నేను రెండు ఆవర్తనాలు కడతాను, 12 సెకన్ల లూప్. ఒకటే కడితే వినేవాళ్లకు అది తిరుగుతున్నట్టు వెంటనే తెలిసిపోతుంది, నాలుగు కడితే పొర పొరకూ చాలాసేపు కాచుకోవాలి.

కాలి సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ సగం పని అక్కడే ఉంది. మొదటి తొక్కు సమం మీద పడాలి, ముగించే తొక్కు కూడా సమం మీదే పడాలి, ఎనిమిదో అక్షరం మీద కాదు, దాని తర్వాత వచ్చే ఒకటి మీద. ఎనిమిదో అక్షరం వాయించేశాం కదా అని అక్కడే తొక్కితే ఒక అక్షరం ఎగిరిపోయి ఏడు మిగుల్తాయి. ఆలస్యంగా తొక్కితే ప్రతి చుట్టులో అతుకు దగ్గర తాళం తడబడుతుంది, దాని మీద ఎన్ని పొరలు వేసినా ఆ తడబాటు పోదు. గిటారు పక్కన పెట్టి, ఫోన్లో మెట్రోనోమ్ పెట్టుకుని, నోటితో తకధిమి చెప్తూ ఒట్టి కాలితో ఇదొక్కటే సాధన చేయడం నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది. చెప్పులు లేకుండా, మడమ నేల మీద ఆనించి, ముందరి పాదంతో తొక్కితే కచ్చితంగా పడుతుంది. కాలు మొత్తం పైకెత్తి తొక్కితే ఎప్పుడూ ఆలస్యమే.

ఇంకో చిన్న కిటుకు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు అదే భాగాన్ని ఒకసారి వాయించి, ఆపకుండా రెండోసారి సమం రాగానే తొక్కాలి. అప్పుడు ముందు వాయించిన తీగల మోత లూప్ మొదట్లో కూడా కాస్త ఉంటుంది, చివర్లో మోత తెగిపోయినట్టు అనిపించదు. నిశ్శబ్దంలోంచి మొదలుపెడితే చుట్టు చుట్టుకీ అతుకు దగ్గర గొంతు నొక్కినట్టు వినిపిస్తుంది.

గిటారు తీగలు డి-ఏ-డి-జి-ఏ-డి కి మార్చుకున్నా. రెండు శ్రుతిలో (అంటే డి ని స గా పెట్టుకుంటే) స, ప, స, మ, ప, స అన్నమాట. గాంధారం లేదు కాబట్టి చాలా రాగాలకు అడ్డురాదు, మోహనంలో మ ఉండదు, అది పాడేటప్పుడు జి తీగను ముట్టుకోకుండా వదిలేస్తే సరిపోతుంది. మొదటి పొర ఇదే, తంబూరాలాగా స-ప-స.

రెండో పొర దరువు. కుడి అరచేతి మడమతో గిటారు పెట్టె మీద, బ్రిడ్జికి కాస్త పైన కొడితే లోపలి పికప్‌లో డోలు ఎడమవైపు మోతకు దగ్గరగా వస్తుంది. మొదట్లో నేను ఈ పొరను నిండుగా వేసేవాణ్ణి, అక్షరానికి రెండేసి దెబ్బలు, మధ్యలో గోటితో చిటికలు. వినడానికి బాగుండేది. అయితే వేగం సమస్య తీరింది ఆ దెబ్బలు తీసేశాకే.

మా పెద్దనాయన ఊళ్లో చెక్కలు పట్టిన మనిషి. ఇంటికొచ్చినప్పుడు ఈ లూప్ వినిపిస్తే చాలాసేపు విని, "ఏంరా అబ్బోడా, నీ పెట్టె ముందరికి ఉరకదా?" అన్నాడు. ఉరకదు పెద్దనాయనా, ఎట్లా కడితే అట్లాగే తిరుగుతుంది అన్నా. "అయితే అడుగు అట్లనే ఉండనీ, చేయి ఉరకనీ," అని చెక్కలు తీసుకున్నాడు. ఎడమకాలు నేల మీద లూప్‌తో పాటు నిదానంగా పడుతూనే ఉంది. చేతిలో మాత్రం మొదట అడుగుకు ఒక దెబ్బ, తర్వాత రెండు, తర్వాత మూడు, చివరికి నాలుగు. అడుగు వెంట్రుకవాసి కూడా కదల్లేదు, కానీ గదిలో పాట పరుగెత్తుతున్నట్టే ఉంది. రెండుకూ నాలుగుకూ మధ్య ఆ మూడు దెబ్బల నడక పెట్టడంలోనే కిటుకంతా ఉంది, రెండు నుంచి నేరుగా నాలుక్కి దూకితే గేరు మార్చినట్టు తెలిసిపోతుంది, మధ్యలో మూడు వేస్తే వేగం దానంతటదే పెరుగుతున్నట్టు వినిపిస్తుంది.

సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు, తక, తకిట, తకధిమి. లెక్కలో చెప్పాలంటే 80 వేగంలో నిమిషానికి 80 దెబ్బలు, తర్వాత 160, 240, 320. 320 దగ్గర మామూలు చేతికి మణికట్టు పట్టేస్తుంది, అందుకే 80 కంటే ఎక్కువ వేగంలో లూప్ కట్టొద్దు. నాకింకా ఆ చివరి మెట్టు మీద నాలుగు ఆవర్తనాలకు మించి నిలవదు.

దీన్నుంచే దరువు పొర మారింది. లూప్‌లో అక్షరం మధ్యలో ఇప్పటికే ఒక దెబ్బ ఉంటే, దాని మీద తకిట వేసినప్పుడు రెండూ కొట్టుకుంటాయి, మూడు సమభాగాల్లో దేనికీ ఆ సగం దెబ్బ కలవదు. కాబట్టి లూప్‌లో అక్షరం లోపల ఏమీ ఉండకూడదు. ఇప్పుడు నేను వేసేది ఆవర్తనానికి మూడే దెబ్బలు: ఒకటి, అయిదు, ఏడు, తాళంలో చప్పట్లు ఎక్కడ పడతాయో సరిగ్గా అక్కడ. ఒట్టిగా వింటే బోసిగా ఉంటుంది. అట్లాగే ఉండాలి. లూపర్ వీడియోల్లో ఎక్కువమంది పొర మీద పొర వేసి నింపేస్తారు, నా ఉద్దేశంలో లూప్‌లో వదిలిన ఖాళీయే తర్వాత మన చేతికి చోటిస్తుంది. 1970లలో గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్, సంగీతకారుడు బ్రయాన్ ఈనో రెండు టేపు రికార్డర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో టేపు మీద ఎక్కిన శబ్దం రెండోదాంట్లో మోగి మళ్లీ మొదటిదాంట్లోకి వచ్చేలా చేసేవాళ్లు. అందులో పాత పొరలు తిరిగే కొద్దీ సన్నబడి పోయేవి, కొత్తవాటికి చోటు దానంతటదే దొరికేది. ఈ పెడల్లో ఏ పొరా సన్నబడదు, మొదటి దెబ్బ ఎంత గట్టిగా పడిందో చివరిదాకా అంతే. పైగా నాబ్ తిప్పితే అన్ని పొరలూ కలిసే తగ్గుతాయి, ఒక్క దరువే తగ్గించే వీల్లేదు. దరువు కొట్టేటప్పుడే, ఇది చాలదేమో అనిపించేంత మెల్లగా కొట్టాలి.

నిజమైన చెక్కభజనలో అడుగు కూడా వేగమవుతుంది, చెయ్యి ఒక్కటే కాదు. అందుకని ముగింపు ఇట్లా పెట్టుకున్నా: తకధిమి నడకలో నాలుగు ఆవర్తనాలయ్యాక సమం మీద రెండుసార్లు తొక్కి లూప్ ఆపేయడం, అక్కడినుంచి ఒట్టి చెక్కలు, గొంతు, ఎంత వేగం పోతే అంత. ఆపేటప్పుడు మొదటి తొక్కుకు పెడల్ ఇంకో పొర మొదలుపెడుతుంది కాబట్టి ఆ క్షణంలో తీగల మీద చేయి ఆనించి ఉండాలి. ఇదే కంపెనీ ఆర్‌సీ-5 లాంటి పెడళ్లలో శ్రుతి మారకుండా లూప్ వేగం పెంచే వీలుంది, కానీ బాగా పెంచితే దెబ్బల పదును పోతుంది, ఈ పాటకు ఆ పదునే ముఖ్యం.

వంత కోసం మైకు కావాలి, మైకును నేరుగా పెడల్‌కు పెట్టలేం. ఒక చిన్న మిక్సర్ ఉంది. గిటారు ఒక చానల్, మైకు ఒక చానల్, ఆక్స్ సెండ్ (మిక్సర్‌లోంచి శబ్దాన్ని పక్కకు పంపే విడి దారి) నుంచి పెడల్‌కు, పెడల్ నుంచి తిరిగి మూడో చానల్‌కు. ఆ మూడో చానల్ ఆక్స్ నాబ్ సున్నాలోనే ఉండాలి, లేదంటే లూప్ మళ్లీ పెడల్లోకే పోయి కీచుమంటుంది. ఈ పద్ధతిలో ఏ శబ్దం లూప్‌లోకి పోవాలో నాబ్‌తో మనమే తేల్చుకోవచ్చు. వంత ఎక్కించేటప్పుడు స్పీకర్ ఆపేసి హెడ్‌ఫోన్ పెట్టుకుంటా, స్పీకర్లోంచి వచ్చే లూప్ మైకులో పడితే ప్రతి పొరతో మసక పెరుగుతుంది. వంత మొదటి గొంతు మైకు దగ్గరగా, రెండోది చేయి చాచినంత దూరం నుంచి, మూడోది మా చెల్లెలు పై స్థాయిలో. ఒకే దూరం నుంచి ముగ్గురు పాడితే ఒకే మనిషి మందంగా పాడినట్టుంటుంది, దూరాలు మారిస్తే గుంపు వస్తుంది. వంత అయిపోగానే మైకు ఆక్స్ సున్నా చేసేయాలి, ఆ తర్వాత గురువు పాట, చెక్కలు అన్నీ బయటే ఉంటాయి.

చెల్లెలి గొంతు చివరి పొర కావడం వల్ల ఇంకో వెసులుబాటు ఉంది. పెడల్‌ను రెండు సెకన్లు నొక్కిపడితే చివరి పొర పోతుంది, మళ్లీ అట్లాగే పడితే తిరిగి వస్తుంది. చరణంలో తీసేసి పల్లవిలో తెప్పించుకుంటున్నా. రెండు సెకన్లంటే ఈ వేగంలో రెండున్నర అక్షరాల పైచిలుకు, కాబట్టి సమానికి రావాలంటే ఆరో అక్షరం దాటీ దాటగానే నొక్కాలి.

కరెంటు, ఎండ గురించి కూడా చెప్పాలి, కడపలో ఈ రెండూ తప్పవు. అడాప్టర్ 9 వోల్టులది, మధ్యది నెగెటివ్‌గా ఉన్నదే వాడాలి. తిప్పితే మెల్లగా పెరిగే రకం ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గరుంటే గిటారులో జుయ్యిమనే శబ్దం వస్తుంది, ఒక్క పొరలో అది వినపడదు గానీ అయిదు పొరలయ్యేసరికి పాట కంటే అదే ఎక్కువ. రికార్డు చేసేంతసేపు ఫ్యాన్ పూర్తిగా ఆపేయడమో, పూర్తి వేగంలో పెట్టడమో చేస్తున్నా, రెండోదైతే మైకు కట్టేసి గిటారు పొరలు మాత్రమే. కరెంటు పోతే మిక్సర్ పనిచేయదు, కానీ పెడల్‌లో 9 వోల్టుల బ్యాటరీ వేసుకోవచ్చు, గిటారు ఒక్కటే పెట్టుకుని కాలి సాధన సాగుతుంది. మే నెల మధ్యాహ్నాల్లో వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది, లూప్‌లోది మాత్రం ఎక్కించినప్పటి శ్రుతిలోనే ఉంటుంది, అందుకే కొత్త లూప్ మొదలుపెట్టే ప్రతిసారీ ట్యూనర్ చూసుకుని గానీ తొక్కను.

మిగిలింది గజ్జెలు. కుడికాలు పెడల్ మీద ఉంటుంది కాబట్టి ఎడమకాలికి మాత్రమే కట్టుకుని, నేలకు జానెడు ఎత్తులో ఇంకో మైకు పెట్టి చూస్తున్నా. లూప్‌లోకి ఎక్కించను, అడుగు నేరుగా వినపడాలి. కింద గోనెసంచి పరిస్తే అడుగు మోత తగ్గి గజ్జె విడిగా వినిపిస్తోంది, ఒట్టి బండ మీద అయితే రెండూ కలిసిపోతున్నాయి. ఆపడానికి విడిగా ఒక ఫుట్‌స్విచ్ కూడా ఈ పెడల్‌కు తగిలించుకోవచ్చు. అది వస్తే రెండుసార్లు తొక్కే పని తప్పుతుంది, ముగింపులో చెక్కల మీద నుంచి చూపు తిప్పాల్సిన అవసరం ఉండదు.