అమ్మ చెయ్యి అందే ఎత్తు

ఆదివారం, రాత్రి 11 అవుతోంది. రెండుసార్లు సబ్బుతో కడిగినా అరచేతుల్లో ఇంకా ఇటుకపొడి వాసన పోలేదు. వంటింట్లో మూడు అరలు గోడకెక్కాయి. నిద్ర ముంచుకొస్తున్నా ఈ రోజు గురించి రాయకుండా పడుకోబుద్ధి కాలేదు.

విశాఖ పెదవాల్తేరులో మా వంటింటి కిటికీ తూర్పు వైపుంది. సముద్రం కనబడదు, దాని గాలి మాత్రం రోజంతా ఇంట్లోనే ఉంటుంది. మూత తీసి ఉంచితే ఉప్పు చెమ్మగిల్లుతుంది, తలుపు గొళ్ళేలకు ఏడాదిలో తుప్పు పడుతుంది. అలాంటి చోట రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు అల్మరా కొనడం నా తప్పే. రెండు వానాకాలాలు గడిచేసరికి అంచులు అటుకుల్లా ఉబ్బి, మేకులు పట్టు వదిలేశాయి. ఆగస్టులో ఒకరోజు పై అర ఊడి మినపపప్పు డబ్బా సరిగ్గా అమ్మ పాదం పక్కన పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఈసారి నా చేతులతో నేనే చెయ్యాలని అప్పుడే అనుకున్నాను.

నిన్న షాపులో 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ సగం షీటు తీసుకున్నాను. మెరైన్ ప్లైవుడ్‌కి ఉండాల్సిన భారతీయ ప్రమాణం, ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూసి మరీ కొన్నాను. ఆ రకాన్ని 72 గంటలు నీళ్ళలో ఉడకబెట్టి, పొరలు విడిపోతున్నాయేమో పరీక్షిస్తారు. అమ్మకి చెబితే "అయితే కందిపప్పు కన్నా గట్టిదేరా" అంది. 4 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పున నాలుగు ముక్కలు అక్కడే కోయించాను. స్క్రూలు, బ్రాకెట్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. ధర చూసి కాసేపు ఆగాను కానీ, మా కిటికీ గుర్తొచ్చి అవే తీసుకున్నాను. కోసిన అంచులే ముందు నీళ్ళు పీలుస్తాయి కాబట్టి ఇంటికి రాగానే గరుకు కాగితంతో రుద్ది ప్రైమర్, ఒక కోటు ఎనామెల్ వేసేశాను.

అసలు పని కొలతల దగ్గరే. వంటగట్టుకి 18 అంగుళాల పైన మొదటి అర పెట్టమని చూసిన ప్రతి వీడియోలోనూ చెప్పారు. అమ్మ ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. పైగా కిందటేడు పట్టేసిన కుడి భుజం ఇంకా పూర్తిగా తిరగదు. అందుకే ఆమెనే గట్టు ముందు నిలబెట్టి, చేతిలో నిండు కందిపప్పు డబ్బా పెట్టి, నొప్పి రాకుండా ఎంతవరకు లేపగలవో అక్కడ ఆగమన్నాను. పెన్సిల్ గీత పెట్టి కొలిస్తే నేల నుంచి సరిగ్గా 48 అంగుళాలు. గట్టు ఎత్తు 33. అంటే మధ్యలో 15 అంగుళాలే. అర గోడ వైపు లోపలికి ఉంటుంది కాబట్టి తలకి తగలదు. రెండో అర దానికి అడుగు పైన, తేలికైన పోపు సామాన్లకి. మూడోది నాకు అందితే చాలు.

డ్రిల్లింగ్ మిషన్ పక్కింటి బావగారిది. గోడలో కరెంటు పైపు సాధారణంగా స్విచ్‌బోర్డుకి నిటారుగా పైకో కిందికో పోతుంది, అక్కడ మాత్రం ముట్టుకోవద్దని ముందే చెప్పారు. ఆ వరస వదిలేసి 8 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టాను. పైన ప్లాస్టరింగ్ ఇట్టే దిగిపోతుంది. ఇటుక తగిలాకే చేతికి బరువు తెలుస్తుంది, ఎర్రపొడి రాలుతుంది. మూడో రంధ్రం దగ్గర ఇటుకల మధ్య సందు తగిలి సిమెంటు పెళ్ళలుగా ఊడింది. స్క్రూకి పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగిస్తే రెండూ కలిసి తిరుగుతున్నాయి. అలాగే వదిలేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ డబ్బా పడిన చప్పుడు గుర్తొచ్చింది. ఊడదీసి, రంధ్రాన్ని తెల్ల సిమెంటుతో పూడ్చి, బ్రాకెట్‌ని రెండంగుళాలు పక్కకి జరిపాను. బిగించాక రెండు చేతులతో వేలాడినంత బరువు వేసి చూశాను. కదల్లేదు.

మొదటి అర నిలబెట్టాక అమ్మ దూరం నుంచి చూసి "కుడి పక్క పైకుందిరా" అంది. నాకూ అలాగే కనబడింది. స్పిరిట్ లెవెల్‌లో బుడగ మాత్రం మధ్యలోనే ఉంది. నమ్మకం చాలక, కింద పనిచేస్తున్న మేస్త్రీని అడిగి, మట్టం చూసే నీళ్ళ పైపు తెచ్చాను. రెండు చివర్లలోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలిచాయి. వాలు ఉన్నది గట్టులో! నీళ్ళు సింకు వైపు పోవాలని కట్టినప్పుడే కుడివైపు కొంచెం దించారు. కంటికి నచ్చాలని అరను కూడా వాల్చలేను, నూనె సీసాలు నిలబడాలి కదా. అమ్మకి పైపు చూపించాక ఒప్పుకుంది.

సామాన్లు నేనే సర్దాను. అరగంటలో అమ్మ అన్నీ మార్చేసింది. ఉప్పు, చింతపండు కింద అరలో కుడివైపుకి వచ్చాయి, నా కాఫీపొడి మూడో అరకి వెళ్ళింది. ఆవకాయ జాడీ కూడా ఇప్పుడే పెట్టేస్తానంది. సాయంత్రం వేసిన రెండో కోటు అంచుల్లో ఇంకా తడిగానే ఉంది, రేపటిదాకా ఆగమన్నాను. మిగిలిన నాలుగో ముక్క గోడకి ఆనించి ఉంది. అది దేవుడి గూటి కింద పెడితే దీపం నూనె, వత్తులు పెట్టుకోవచ్చంటోంది. దానికి మళ్ళీ అమ్మ చేతి ఎత్తు కొలవాలి. అక్కడ ఆమె కూర్చుని ఉంటుంది కదా.